ఒనా పేరులో ఊనిక

పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాట నేర్పడం గిరిజ పని. షికాగోకి నైరుతి దిక్కున, లెమాంట్ ఊరి చివర, ఓక్ చెట్ల మధ్య ఒక రీహాబ్ సెంటర్ ఉంది. అందులో ఆమె స్పీచ్ థెరపిస్ట్. హనుమకొండలో పుట్టి, పెళ్ళయ్యాక శ్యామ్‌సుందర్ వెంట అరోరా వచ్చి, చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకునే మాస్టర్స్ చదివింది. పేషెంట్ ఒక మాట కోసం తడుముకుంటుంటే తోటి థెరపిస్టులు ఉండబట్టలేక ఆ మాట అందించేస్తారు. గిరిజ అందించదు. ఎదుటివాళ్ళ పెదాల వంక చూస్తూ ఎంతసేపైనా కూర్చుంటుంది. మౌనం ఆమెని ఇబ్బంది పెట్టదు. చెల్లెలు పోయినప్పటినుంచి ఇంట్లో దానికి బాగా అలవాటు పడింది.

2009 అక్టోబర్‌లో, ఆకులు రాలుతున్న రోజుల్లో, బిరూతే అనే పెద్దావిడని వీల్‌చెయిర్‌లో ఆమె గదికి తీసుకొచ్చారు. డెబ్బై దాటిన మనిషి. యుద్ధం తర్వాత లిథువేనియా వదిలి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఆ చుట్టుపక్కల అలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళకో చర్చి, శనివారం పూట పిల్లలకి వాళ్ళ భాష నేర్పే బడి ఉన్నాయి. ఆ బడిలో బిరూతే జీవితమంతా టీచర్. పెళ్ళి చేసుకోలేదు. భార్య పోయాక ఆమె అన్న కజీస్ వచ్చి ఆమెతోనే ఉంటున్నాడు.

స్ట్రోక్ వచ్చి బిరూతే కుడిచెయ్యి పడిపోయింది. అరవై ఏళ్ళుగా మాట్లాడిన ఇంగ్లిష్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. పుట్టుకతో వచ్చిన భాష ఒక్కటి మిగిలింది. అందుకని కజీస్ కూడా పక్కన కూర్చునేవాడు, ఆవిడ మాటల్ని ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పడానికి. పొడుగ్గా, కొద్దిగా వంగి, తెల్లని జుట్టు నున్నగా దువ్వుకుని, ఎప్పుడూ ఒడిలో టోపీ పెట్టుకుని కూర్చునే మనిషి.

"హలో బిరూతే, నా పేరు గిరిజ," అంది ఆమె, తన గుండె మీద చెయ్యి పెట్టి చూపిస్తూ. "గిరిజ."

బిరూతే కళ్ళు పెద్దవయ్యాయి. ఎడమచేత్తో గిరిజ మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఉంటుందని గిరిజ అనుకోలేదు.

"గిరియా," అంది బిరూతే. తర్వాత తల తిప్పి తలుపు వైపు చూస్తూ అంది, "ఓన."

తలుపు దగ్గర ఎవరూ లేరు. కజీస్ కిటికీ వైపు తిరిగిపోయాడు.

"ఏమంటున్నారు?" అని అడిగింది గిరిజ.

"మీ పేరు తిరిగి పలికింది," అన్నాడు కజీస్. రెండో మాట సంగతి ఎత్తలేదు.

తొలి వారాలు మామూలుగానే గడిచాయి. చెంచా, గిన్నె, కిటికీ, మంచం బొమ్మలు చూపిస్తే బిరూతే పేర్లు చెప్పేది. మాటలు వస్తున్నాయి కదా, ఇంత తొందరగా వస్తున్నాయి కదా అని గిరిజ సంబరపడింది. కజీస్ ముఖంలో మాత్రం సంబరం లేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"మాటలు వస్తున్నాయి, నిజమే," అన్నాడతను. "కానీ తప్పుగా వస్తున్నాయి. ఊనికలు, అంటే మాటలో బరువు వేసి పలికే చోట్లు, తప్పాయి. అన్నీ మాట మొదట్లోనే వేస్తోంది. మా భాషలో అలా కుదరదు."

"ఎలా ఉండాలి?"

కజీస్ తన తెల్లజుట్టు మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. "తలని మేము గల్వా అంటాం. తల ఇక్కడుంది, తల నొప్పిగా ఉంది అంటే బరువు చివర పడాలి. గల్-వా. నా తలని చూడు అనాలంటే బరువు ముందుకొచ్చేస్తుంది. గాల్-వ. మాట అదే, తల అదే. వాక్యంలో దాని పని మారితే బరువు కూడా స్థానం మారుతుంది. తెల్లని అనే విశేషణం కూడా దాని పక్కనే నడుస్తుంది. తెల్లని తల అంటే బల్-తా గల్-వా. తెల్లని తలని అంటే బాల్-త గాల్-వ. రెండూ కలిసి వెనక్కి, కలిసి ముందుకి."

"అన్ని మాటలూ ఇలాగే తిరుగుతాయా?"

"అన్నీ తిరిగితే బాగానే ఉండును. మా నామవాచకాలు నాలుగు గుంపులు. ఒక గుంపు కదలదు, లిండెన్ చెట్టుని లియెపా అంటాం, ఎక్కడ వాడినా ఊనిక ముందే. మిగతా మూడూ తిరుగుతాయి, ఏ గుంపు దారి దానిది. చెయ్యి ఒకలా తిరుగుతుంది, తల ఇంకోలా, చలికాలం మరోలా. మాట చూసి ఏ గుంపుదో చెప్పలేం. అమ్మ నోట విని నేర్చుకోవలసిందే. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఇవన్నీ నేర్పింది నా చెల్లెలే. తప్పు పలికితే బల్ల మీద పెన్సిల్‌తో కొట్టేది. ఇప్పుడు చూడండి, దానికే..."

మన భాషలో దీర్ఘం తప్పితే మాట మారిపోతుంది గానీ, ఊనిక ఎక్కడ పడినా పెద్దగా పోయేదేమీ లేదు. అందుకని గిరిజకి మొదట ఇదంతా కొత్తగా ఉంది. కానీ పని పట్టుకుంటే వదిలే మనిషి కాదు. కజీస్ చేత మాటలు పలికించుకుని ఫోన్‌లో రికార్డ్ చేసుకుంది. పొద్దున అరోరా నుంచి డ్రైవ్ చేస్తూ వాటిని వింటూ తనూ అనేది. గల్వా, గాల్వ. రన్కా, రాన్క. అంటే చెయ్యి. జియెమా, జియేమ. అంటే చలికాలం. ఇంట్లో కూరగాయలు తరుగుతూ కూడా అదే గొడవ. "నీకు పూనకం వచ్చిందా గిరీ?" అనేవాడు శ్యామ్. ఏడేళ్ళ దియ మాత్రం తల్లి వెంట తిరుగుతూ తనూ అనేది, ముద్దుముద్దుగా, అమెరికన్ యాసలో.

సెషన్లలో గిరిజ బిరూతే ఎడమచెయ్యి తీసుకుని బల్ల మీద తట్టించేది. తేలికగా ఒకసారి, గట్టిగా ఒకసారి. గల్-వా. తర్వాత తారుమారు. గాల్-వ. పాటలా సాగదీయించేది. బిరూతే తనెప్పుడో పిల్లలకి కొట్టిన తాళం తనే మళ్ళీ నేర్చుకుంటున్నట్టు, నుదురు ముడిచి, చెమటలు పట్టేదాకా చేసేది. క్రిస్మస్ నాటికి గల్వాలో బరువు చివరికి జరిగింది. మంచు గడ్డకట్టిన జనవరిలో, కిటికీ బయటికి చూస్తూ, ఎవరూ అడక్కుండానే "బల్తా జియెమా" అంది. తెల్లని చలికాలం. రెండు మాటల్లోనూ బరువు ఉండవలసిన చోటే ఉంది. కజీస్ టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఒక్క మాట మాత్రం మారలేదు. ఓన. రోజూ గిరిజ గదిలోకి రాగానే బిరూతే "గిరియా" అనేది, తలుపు వైపు చూసేది, "ఓన" అనేది. ఒక్కోసారి సెషన్ మధ్యలో, చెంచా బొమ్మ చేతిలో ఉండగా, గొంతు తగ్గించి, ఎవరో గడప దాకా వచ్చి లోపలికి రావడానికి మొహమాటపడుతుంటే పిలిచినట్టు అనేది. అలా అన్నప్పుడల్లా గిరిజకి వీపు వెనక ఎవరో నిలబడ్డట్టుండేది. తిరిగి చూడకూడదనుకునేది. చూసేది. కారిడార్‌లో తడిసిన నేల, ఎవరో వదిలేసిన వాకర్.

ఫిబ్రవరిలో కజీస్ ఆమెతో విడిగా మాట్లాడాలన్నాడు. కాఫీ మెషిన్ పక్కన నిలబడ్డారు.

"అన్నీ సరిచేశారు. అది కూడా సరిచెయ్యండి," అన్నాడు. "ఒనా అన్న పేరు."

"ఒనా ఎవరు?"

"మా అక్క. ఇద్దరికంటే పెద్దది." కప్పు చేతిలో తిప్పుతూ చెప్పాడు. "పేరులో బరువు చివర ఉండాలి. ఒ-నా. ఒనా వచ్చింది, ఒనా వెళ్ళింది, ఒనా మంచిది. అలా చెప్పుకుంటాం. బరువు ముందుకి ఎప్పుడొస్తుందంటే, మనిషిని పిలిచినప్పుడు. ఓ-న! రా! ఓ-న! ఇటు చూడు! యుద్ధం అయినప్పటినుంచీ మా ఇంట్లో ఆ పేరు చెప్పుకున్నాం గానీ పిలవలేదు. స్ట్రోక్ వచ్చి ఊనికలన్నీ ముందుకొచ్చేసినప్పుడు, పాపం దాని తప్పు కాదు, పేరు కూడా అలా వస్తోంది అని నన్ను నేను సమాధానపెట్టుకున్నాను. ఇప్పుడు మిగతా మాటలన్నీ సరైపోయాయి. ఇది ఒక్కటే... రోజంతా పిలుస్తోందమ్మా. నేను దాని పక్కన కూర్చోలేకపోతున్నాను."

గిరిజ ఆ మాటని అందరూ అనుకునేట్టే అనుకుంది, నాలుకకి పట్టిన పాత అలవాటు కాబోలని. మర్నాడు కజీస్ చేత పాత ఫోటో ఒకటి తెప్పించింది. రంగు మారి అంచులు ఊడిన కాగితం మీద, జడని తల చుట్టూ కట్టుకున్న పదిహేడేళ్ళ పిల్ల. దాన్ని బిరూతే ముందు పెట్టి, కజీస్ చెప్పిన వాక్యాన్ని తనే పలికింది. ఈమె ఎవరు?

బిరూతే ఫోటో చూసింది. స్పష్టంగా, పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో అంది. "ఒనా." బరువు చివర.

తర్వాత ఫోటో బల్ల మీద పెట్టి, తలుపు వైపు తిరిగి అంది. "ఓన."

సరిచెయ్యడానికి అక్కడ తప్పేమీ లేదు. ఆవిడకి ఆ పేరు రెండు రకాలుగానూ వచ్చు. పిలవాలనుకుని పిలుస్తోంది.

ఆ రోజు కజీస్ మిగతాది చెప్పాడు. 1944లో ఎర్రసైన్యం వస్తోందని గుర్రబ్బండి మీద పడమటికి బయలుదేరారట. తల్లీ, ఒనా, పన్నెండేళ్ళ కజీస్, ఏడేళ్ళ బిరూతే. ఒక అడవి అంచున ఆగి, ఒనా నీళ్ళ కోసం దూరంగా ఉన్న ఇంటికి వెళ్ళింది. ఇంతలో రోడ్డు మీద సైనికుల బళ్ళు. తల్లి బండిని చెట్ల లోపలికి తోలింది. ఒనా బకెట్‌తో తిరిగొచ్చి, బండి కనపడక, అడవిలో తప్పుదారిన నడవడం మొదలుపెట్టింది. వీళ్ళకి కనిపిస్తూనే ఉంది. ఒక్క కేక వేస్తే వినపడేంత దూరం. బిరూతే పిలవబోయింది.

"నేను దాని నోరు మూశాను," అన్నాడు కజీస్. "ఈ చేత్తో. అమ్మే చెప్పింది. అయినా మూసింది నా చెయ్యే కదా. అది అరచేతిలో నోరు తెరవడం నాకు తెలుస్తూనే ఉంది. ఒనా చెట్ల మధ్యకి వెళ్ళిపోయింది. మళ్ళీ చూడలేదు. బతికిందో లేదో కూడా తెలీదు."

గిరిజ అడిగింది. "మరి ఇన్నాళ్ళూ పిలవనిది ఇప్పుడే ఎందుకు మొదలుపెట్టారు?"

కజీస్ ఆమె వంక ఇబ్బందిగా చూశాడు. "హాస్పిటల్లో ఉన్నప్పుడు పిలవలేదు. ఇక్కడికి వచ్చాకే. మీరు మీ పేరు చెప్పాక. మా భాషలో గిరియా అంటే పెద్ద అడవి."

గిరిజ ఆ వారమే ఆ కేసు వదిలేసింది. తన పేరు చెప్పుకుని ఒక ముసలావిడ గుండెల్లో అడవి తలుపు తెరిచానన్న బాధ ఆమెని తినేసింది. మీనా అనే ఇంకో థెరపిస్ట్‌కి ఫైల్ అప్పగించి, ఇంటికెళ్ళి, కోటు కూడా విప్పకుండా పైన గెస్ట్ రూమ్‌లో కూర్చుంది. ఆ గది ఆమె చెల్లెలు ఉజ్వలది. ఎఫ్-వన్ వీసా మీద ఎమ్మెస్ చదవడానికి దగ్గర్లోని డెకాల్బ్ వచ్చిన పిల్ల, శుక్రవారం క్లాసులు అయ్యాక అక్క దగ్గరికి వచ్చేసేది. కిందనించి గిరిజ "ఉజ్వలా, అన్నం చల్లారుతున్నదే" అని అరిస్తే, పైనుంచి "వస్తున్నా అక్కా" అనేది, రాకుండా. 2005 జనవరిలో ఇంటర్‌స్టేట్ హైవే మీద కనపడని మంచుపొర మీద కారు జారింది. శరీరాన్ని హనుమకొండ పంపారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఉజ్వల అన్న మాట వినపడుతుంది, ఉజ్వల సూట్‌కేసు, ఉజ్వల స్వెటర్. ఉజ్వలా అన్న మాట వినపడదు. చివరి దీర్ఘం ఎవరూ తియ్యలేదు. ఈ సంగతి ఆమెకి ఇన్నాళ్ళూ తట్టలేదు.

దియ వచ్చి గుమ్మంలో నిలబడింది. "మమ్మీ, ఆర్ యూ ఓకే? పిన్ని గురించి సాడ్‌గా ఉన్నావా?"

"అవున్రా."

"పిన్నితో నువ్వు ఎప్పుడూ టాక్ చెయ్యవు కదా. ఫోటోతో కూడా."

గిరిజ నోరు తెరిచింది. మొదటి అక్షరం దగ్గరే ఆగింది. మళ్ళీ ప్రయత్నించింది. "ఉజ్వలా," అంది. ఇల్లంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది. దియ తల్లి చెయ్యి పట్టుకుని మెట్ల వైపు చూసింది. తర్వాత శ్యామ్ కింద గరాజ్ తలుపు వేసిన చప్పుడు వినిపించి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

మీనా వారం తిరక్కుండానే వచ్చింది. "గిరిజా, ఆవిడ నాతో అసలు మాట్లాడట్లేదు. ఒక్క ముక్క కూడా. నీళ్ళు తాగడం కూడా మానేసింది. నువ్వే చూడు, ప్లీజ్."

గిరిజ వెళ్ళేసరికి బిరూతే గోడవైపు తిరిగి ఉంది. ముఖం పీక్కుపోయింది. కజీస్ మంచం పక్కన కుర్చీలో ఉన్నాడు.

"బిరూతే, నేను. గిరిజ."

మెల్లగా తల తిరిగింది. "గిరియా," అంది, ఎండిన పెదాలతో. కళ్ళు తలుపు మీదికి వెళ్ళాయి. "ఓన."

గిరిజ కజీస్ వంక చూసింది. "ఆవిడ మాటలో ఏ లోపమూ లేదండీ. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆవిడ ఒక్కతే పిలుస్తోంది. అంతే."

కజీస్ టోపీ మంచం మీద పెట్టి, కుర్చీలోంచి కష్టంగా లేచి, చెల్లెలి తల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ మళ్ళీ "ఓన" అన్నప్పుడు అతను కూడా అన్నాడు. మొదటిసారి గుసగుసగా. రెండోసారి మామూలుగా. మూడోసారి అతని గొంతు ఎక్కడినుంచి వచ్చిందో గాని, పన్నెండేళ్ళ పిల్లాడు అడవికి అడ్డంగా వేసిన కేకలా వచ్చింది. "ఓన! ఓన!" కారిడార్లో నర్సులు పరుగెత్తుకొచ్చారు. గిరిజ గుమ్మానికి అడ్డం నిలబడి చెయ్యెత్తి వాళ్ళని ఆపింది.

కేకలు ఆగాక బిరూతే మెడ కాస్త వంచి, చెవి అటు పెట్టి, వింది. ముఖంలో ముడతలు ఒక్కొక్కటే సడలాయి. ఎవరో ఏదో చెప్తుంటే వింటున్నట్టు రెండుసార్లు తల ఊపింది. తర్వాత నీళ్ళు అడిగింది.

ఆ రోజు తర్వాత బిరూతే పిలవలేదు. ఒనా గురించి మాట్లాడేది, బరువు చివరనే వేసి, నిన్ననో మొన్ననో చూసివచ్చిన మనిషి గురించి చెప్పినట్టు. ఒనా జుట్టు నెరిసిందట. ఒనాకి మోకాళ్ళ నొప్పులట. కజీస్ అనువదించి చెబుతూ గిరిజ ముఖంలోకి చూసేవాడు, ఇదేమిటో మీరైనా చెప్పండి అన్నట్టు. వసంతంలో ఆవిడని ఇంటికి పంపారు. మరుసటి ఫిబ్రవరిలో నిద్రలో పోయింది. గిరిజ సెలవు పెట్టి వెళ్ళి, మంచులో నిలబడి, ఆ భాషలో ప్రార్థన వింది. ఏ మాటలో బరువు ఎక్కడ పడుతోందో ఆమె చెవికి తెలుస్తూనే ఉంది. అర్థాలు మాత్రం తెలియలేదు.

2013 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కజీస్ ఆమెని వెతుక్కుంటూ సెంటర్‌కి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. నల్లరొట్టె గుడ్డలో చుట్టి తెచ్చాడు. బయట బెంచీ మీద కూర్చున్నారు.

"మీరు తప్ప అడగడానికి ఎవరూ లేరు," అన్నాడు. "ఇంట్లో నన్ను ఎవరో పిలుస్తున్నారు. కజీ అని. మాలో పిలిచేప్పుడు చివరి 'స్' పడిపోతుంది. ఆడగొంతులు. ఒకటి కాదు, రెండు."

"డాక్టర్‌కి చూపించుకున్నారా?"

"చెవులు బాగున్నాయన్నాడు. బుర్ర కూడా బాగుందన్నాడు."

గిరిజ వృత్తి అలవాటుగా అడిగింది. "ఊనిక ఎక్కడ వేస్తున్నారు?"

కజీస్ నవ్వాడు, చాలా ఏళ్ళకి. "చివర. ఉండవలసిన చోటే. బిరూతే తప్పు పలకదు కదా."

"మీరు పలుకుతున్నారా?"

"ఇంకా లేదు. పలికితే వెళ్ళాలేమో."

ఇంటి పిల్లల్ని చీకట్లో పేరు పెట్టి ఎవరు పిలిచినా ఒక పిలుపుకే పలకొద్దని హనుమకొండలో అమ్మ చెప్పేది. గిరిజ ఆ మాట చెప్పబోయి ఊరుకుంది. ఇద్దరూ రొట్టె తుంచుకుని తిన్నారు. ఓక్ చెట్ల మీద సికాడా పురుగులు ఒకటే రొద. వెళ్ళేటప్పుడు కజీస్ ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్ళకి అద్దుకున్నంత మర్యాదగా వంగాడు.

ఆగస్టులో ఆయన పోయాడని కబురొచ్చింది. గిరిజ ఆ ఇంటికి వెళ్ళింది. ఆయన్ని ముందుగా చూసిన మనిషి పక్కింటావిడ. పొద్దున పెరటి తలుపు బార్లా తీసి ఉందట. మెట్ల మీద కూర్చుని, గోడకి ఆనుకుని ఉన్నాడట. కోటు వేసుకుని, బూట్ల లేసులు కట్టుకుని, టోపీ పెట్టుకుని.

"ముందురోజు సాయంత్రం నేను తోటలో ఉన్నాను," అంది పక్కింటావిడ. "లోపల ఎవరికో జవాబు చెప్పాడు. గట్టిగా, సంతోషంగా. ఎవరైనా చుట్టాలు వచ్చారేమో అనుకున్నాను."

"ఏమన్నారు?"

"వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. నాకేం తెలుస్తుంది? ఒక్కటే మాట."

"ఎలా అన్నారు? మాట మొదట ఒత్తి పలికారా, చివర ఒత్తి పలికారా?"

పక్కింటావిడ ఆమె వంక వింతగా చూసింది. ఎంత గుర్తుచేసుకున్నా చెప్పలేకపోయింది.